అమ్మ కింద కోట్లమంది పనివాళ్ళు

బస్సు దిగగానే తరగతి మొత్తం ముక్కుమీద వేలేసుకుంది. ఆశ్చర్యంతో కాదు, వాసనతో.

“ఇదేనా మీ అమ్మ ఆఫీసు?” అంది సొరచేప, ముక్కు వదలకుండానే. రోజూ సాయంత్రం సముద్రంలో ఈదుతుంది కాబట్టి ఆ పిల్లకి ఆ పేరు.

“ఆఫీసేంటే, మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు,” అంది చిటపట. నోరు ఆగదు కాబట్టి ఈ పిల్లకి ఈ పేరు.

వారంగా చిటపట కోసిన కోతలు ఇన్నీ అన్నీ కావు. పొలంలో కోసుంటే మూడు పంటలు ఇంటికొచ్చేవి. “మా అమ్మ కింద కోట్లమంది పనిచేస్తారు. సెలవులు అడగరు. రోజంతా తిండి పెడితే చాలు.”

“ఇవాళ చూపించకపోతే నీ పేరు కోతలరాణి,” అని సొరచేప ముందే తేల్చేసింది.

అందరూ హెల్మెట్లు పెట్టుకుంటుంటే చిటపట మెల్లగా ల్యాబ్‌లోకి దూరింది. బల్లమీద గాజుజాడీ. అందులో గాలిగొట్టం బుడబుడమంటోంది. నీళ్ళు మాత్రం నాలుగుసార్లు మరిగిన టీలా ఉన్నాయి.

‘ఛీ, ఇంత మురికా? పరువు మురుగులో కలుస్తుంది.’

సింకు కింద బ్లీచింగ్ సీసా కనిపించింది. రెండు మూతలు జాడీలో పోసింది. కాసేపటికి నీళ్ళు కాస్త తేటపడ్డాయి. చిటపట మురిసిపోయింది.

అమ్మ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. పదేళ్ళ ఉద్యోగంలో అమ్మ ముక్కు ఎప్పుడో రిటైరైంది. అందుకే బ్లీచింగ్ వాసన పసిగట్టలేదు.

“మురుగును మెరుగు చేయడమే మా పని,” అంది అమ్మ. “ఊళ్ళో మురుగంతా, ఈ సింకు నీళ్ళతో సహా, ఇక్కడి పెద్ద ట్యాంకులోకి వస్తుంది. అందులోని మురికిని సూక్ష్మజీవులు తినేస్తాయి. తేరిన నీళ్ళే సముద్రంలోకి వదులుతాం. ఈ జాడీలోవి ఆ ట్యాంకు నీళ్ళే. చూడండి.”

ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. గోడమీది తెరపై బొమ్మ పడింది.

ఏమీ కదల్లేదు.

“అందరూ సెలవులో ఉన్నారా, కోతలరాణీ?” అంది సొరచేప. తరగతి గొల్లున నవ్వింది.

అమ్మ నవ్వలేదు. ఇంకో చుక్క పెట్టింది. అదీ అంతే. “పొద్దున బాగానే ఉన్నాయే,” అంటూ ఫోన్ అందుకుంది. “ట్యాంకులో కూడా చచ్చిపోయుంటే మురికినీళ్ళు సముద్రంలోకి పోతాయి. నీళ్ళు వదిలే గేటు మూయించాలి. బీచ్‌లో ఎర్రజెండా పెట్టించాలి.”

“అయితే ఇవాళ ఈత లేదా, ఆంటీ?” సొరచేప గొంతు చిన్నబోయింది.

చిటపట జాడీకేసి చూసింది. నోరు మూసుకుంటే తన తప్పు ఎవరికీ తెలియదు. కానీ గేటు మూతపడుతుంది, సొరచేప ఈతా పోతుంది.

“అమ్మా, ఆగు,” అంది. ఆ తర్వాత ఒక్కో మాటా వెతుక్కోవాల్సి వచ్చింది. “నేనే... బ్లీచింగ్ పోశాను. నీళ్ళు బాగా కనిపించాలని.”

అమ్మ ఫోన్ పెట్టేసింది.

“శుభ్రం చేసేవాళ్ళనే శుభ్రంగా తుడిచేశావు కదే,” అంది. “పద, వెళ్ళి ట్యాంకు నీళ్ళు తెద్దాం. చెంబు నువ్వే పట్టుకో.”

ఈసారి తెర నిండా తిరునాళ్ళే. గంటల్లాంటివి సన్నటి కాడలమీద ఊగుతున్నాయి. చెప్పుల్లాంటివి పరుగులు తీస్తున్నాయి. ఒకటైతే మురికి ముద్దను చుట్టేసి గుటుక్కుమనిపించింది.

“తినేసింది, తినేసింది,” అంటూ సొరచేప కుర్చీ ఎక్కింది. “అది నా టీమ్.”

“దిగవే, దానికి ఈత నువ్వు నేర్పలేదు,” అంది టీచరు, తను కూడా బల్లమీదికి వంగి చూస్తూ.

బయల్దేరే ముందు అందరూ చేతులు కడుక్కున్నారు. సింకు కింద మూత తీసున్న బ్లీచింగ్ సీసా సొరచేప కంటపడింది. “ఈ పాడు సీసా సింకులో పారబోసేస్తా ఉండు,” అంటూ వంచబోయింది.

చిటపట చటుక్కున చెయ్యి పట్టుకుంది. సీసా లాక్కుని, మూత గట్టిగా బిగించి, అమ్మ చేతికిచ్చింది.

“సింకులో వద్దే. మనవాళ్ళు డ్యూటీలో ఉన్నారు.”