వెర్నాకు చేసిన ఫోన్

మంగళవారం ఉదయం ఏడు గంటలకు డెలోరిస్ వంటింట్లో నిలబడి వెర్నాకు ఫోన్ చేసింది. కూతురు జానెల్ కోసం ప్రార్థన చెయ్యమని అడిగింది.

నెబ్రాస్కాలోని హాల్‌బర్గ్‌లో చర్చి ఆడవాళ్ల పద్ధతి అది. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు వెర్నాకు చెప్తారు. ఆమె ఇద్దరికి ఫోన్ చేస్తుంది, ఆ ఇద్దరూ మరో ఇద్దరిద్దరికి. జబ్బయినా, వడగళ్లకు పంట పోయినా అంతే. దాన్ని చాడీ అని ఊళ్లో ఎవరూ అనుకోరు. డెలోరిస్ కూడా అనుకోలేదు.

"మొగుడు కర్ట్‌తో ఉండాలో వద్దో తేల్చుకోలేక ఇంటికొచ్చింది, వెర్నా. దాని మనసు కుదుటపడాలని దేవుణ్ని అడుగు, చాలు," అంది.

జానెల్ మేడమీద నిద్రపోతోంది. వచ్చింది ముందురోజు సాయంత్రం. "రెండు రోజులు ఆలోచించుకోనీ అమ్మా. నీకు జలుబు చేసిందని కర్ట్‌కి చెప్పొచ్చాను. నాన్నకి కూడా చెప్పకు," అంది.

ఆమె కిందికి దిగేసరికి బల్లమీద రేకు కాగితం కప్పిన గిన్నె ఉంది. అందులో కోడిమాంసం, నూడుల్స్.

"ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదు. వెర్నా చెల్లెలు ఊరికే తెచ్చిచ్చింది."

"చావింటికి తప్ప మనూళ్లో ఊరికే ఎవరు వండి తెస్తారు?"

అంతలో డెలోరిస్ భర్త ఆర్విన్ వచ్చాడు. రోజూ ధాన్యం గిడ్డంగి దగ్గర ఆయనతో కాఫీ తాగేవాళ్లు ఆ పొద్దున ఆయన్ని చూడగానే మాట ఆపేశారు.

"మొక్కజొన్న ధరెంతరా అంటే, ధైర్యంగా ఉండు ఆర్విన్ అంటారు. దేనికో తెలిస్తేగా ధైర్యంగా ఉండటానికి!" టోపీ తీసి కుర్చీలో కూలబడ్డాడు. "నా కూతురి కాపురం సంగతి నాకు డీజిల్ పోసేవాడు చెప్పాలా?"

జానెల్ తల్లివైపు తిరిగింది. "చెప్పేశావా?"

"ప్రార్థన చెయ్యమని అడిగాను తల్లీ. అంతే."

"ఈ ఊళ్లో రెండిటికీ తేడా ఏముందమ్మా?"

పదిన్నరకు కర్ట్ వచ్చాడు. బడిలో లెక్కల మాస్టారు, పాఠం మధ్యలో వదిలి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"జలుబు తగ్గిందా అత్తయ్యా?" అన్నాడు గుమ్మంలోంచే.

డెలోరిస్ తల దించుకుంది.

"టీచర్ల గదిలో ఒకావిడ నన్ను వాటేసుకుని ఏడ్చింది. ఎందుకని అడిగితే, ఆవిడే చెప్పింది."

"నేనింకా ఏమీ తేల్చుకోలేదు కర్ట్," అంది జానెల్. "రేపు ఇంటికొచ్చేసేదాన్నేమో."

"ముందు నాకు చెప్పి ఉంటే వినేవాణ్ని. ఊరంతా విన్నాక నా వల్ల కాదు."

జానెల్ చలికోటు, ఆమె బట్టల సంచీ మెట్టుమీద పెట్టి వెళ్లిపోయాడు.

"నేను వెళ్లి మాట్లాడతాను," అంది డెలోరిస్ తాళాలు అందుకుంటూ.

"వద్దమ్మా. ఇంకెవరితోనూ మాట్లాడకు."

సాయంత్రం డెలోరిస్ మేడమీదికి వెళ్లి తలుపు తట్టింది. "నీ మంచికేననుకున్నాను," అంది.

"తెలుసు. అందుకే నిన్ను తిట్టలేకపోతున్నాను."

డెలోరిస్ గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది. కాసేపటికి జానెల్ మంచంమీద కొంచెం జరిగి చోటిచ్చింది.

మార్చిలో విడాకులయ్యాయి. జానెల్ లింకన్ పట్నంలో ఉద్యోగం చూసుకుంది. సామానంతా అమ్మా నాన్నా చేరవేశారు. ఆదివారాలు ఫోన్ చేసేది. వాతావరణం గురించి, నాన్న మోకాలి గురించి మాట్లాడేది. తన గురించి ఏమీ చెప్పేది కాదు. డెలోరిస్ అడిగేది కాదు.

జూన్‌లో ఒక ఆదివారం, "అమ్మా, నీకొక్కదానికే చెప్తున్నాను," అంది జానెల్.

డెలోరిస్ ఫోన్ పట్టుకుని పెరట్లోకి నడిచింది. తిరిగి వచ్చేసరికి చాలాసేపయింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఏమంటోంది?" అన్నాడు ఆర్విన్.

"బాగానే ఉందట," అని డెలోరిస్ బంగాళాదుంపల తొక్క తియ్యడానికి కూర్చుంది.