ధింసాలో ఎడం పక్క చోటు

ధర్మతేజ ఊళ్లో అడుగుపెట్టగానే అరుగుల మీదున్న ముసలివాళ్లంతా లేచి కాఫీ తోటలోకి పరుగుతీశారు.

"ఏటి సారూ, మా ముసిలోళ్లని తరిమేత్తన్నారు?"

వెనక్కి తిరిగాడు. సన్నటి తుంపరలో గొడుగు లేకుండా నవ్వుతూ నిలబడిందో అమ్మాయి. పేరు సోని. డిగ్రీ చదివి ఇంటి కాఫీ తోట చూసుకుంటోంది. అతనికి ఇల్లిల్లూ చూపిస్తానని ఫోన్లో ఒప్పుకున్నది ఈమే.

"నేనేం చేశానండీ? కరోనా పెద్దవాళ్ల జీవితాన్ని ఎలా మార్చిందో తెలుసుకోడానికి యూనివర్సిటీ నుంచి వచ్చాను."

"ఆ మాస్కుతోనా? అప్పుడు జొరమొచ్చినోళ్లని వేన్లో ఎక్కించి తీసుకెళ్లింది మాస్కులోళ్లే. తీసేయండి, బేగి."

"వాళ్ల మంచికే వేసుకున్నాను."

"మీ మొకమెలాగుంటాదో మేం సూసుకోవద్దా?"

తీశాడు. సోని ఓ క్షణం చూసి చూపు తిప్పుకుంది. "పర్లేదు."

ఆ ఒక్క మాటతో అతనికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వారమంతా ఇద్దరూ ఇంటింటికీ తిరిగారు. "కరోనాలో ఒంటరిగా అనిపించిందా?" అని అడిగితే అందరూ లేదనే అన్నారు. సోని వాళ్లవ్వ సుక్రి అయితే ప్రశ్న పూర్తికాకముందే కాల్చిన మొక్కజొన్న పొత్తు చేతిలో పెట్టి నోరు మూయించింది.

ఆఖరి సాయంత్రం వచ్చేసింది. పొద్దున్నే రైలు. సోనికి చెప్పాలనుకున్నది ఇంకా చెప్పనేలేదు.

ఊళ్లో పెళ్లి. డప్పులు మోగాయి. ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ధింసా ఆట మొదలుపెట్టారు. సుక్రవ్వ మాత్రం అరుగు దిగలేదు. కాళ్లు అక్కడే తాళం వేస్తున్నాయి.

"అవ్వకి మోకాళ్ల నొప్పులా?" సోనిని అడిగాడు.

"అబ్బే, ఇప్పటికీ కొండెక్కి కట్టెలు తెత్తాది. కరోనా కాణ్ణుంచే ఆడట్లేదు. ఎందుకో నాకూ తెలీదు."

అతనికి కుతూహలం ఆగలేదు. వెళ్లి అవ్వ పక్కన కూర్చున్నాడు. ఈసారి ఒంటరితనం ఊసెత్తలేదు.

"అవ్వా, ధింసాలో మీ ఎడం పక్కన ఎవరుండేవారు?"

అవ్వ కాళ్లు ఆగిపోయాయి.

"నాను పెళ్లై ఈ ఊరొచ్చిన కాణ్ణుంచీ నా నేస్తం రత్నే. కరోనాలో ఎల్లిపోనాది. దగ్గరికెల్లొద్దన్నారు. కడసారి దాని సెయ్యైనా పట్టుకోనేదు. ఆ సోట్లో ఇంకోళ్లనెలా పట్టుకుంటాను బాబూ?"

వెనకే వచ్చిన సోనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆవిడ సోట్లో కాదవ్వా. ఆవిడ కోసం ఆడదాం, రా," అంటూ చెయ్యి చాచింది.

అవ్వ ఆ చేతిని చాలాసేపు చూసింది. తర్వాత లేచింది. ఇద్దరూ వరుస చివర చేరారు, అవ్వ ఎడం పక్కన సోని. అవ్వ రెండడుగులు వేసి ధర్మతేజ వైపు తిరిగింది.

"ఏరా గుంటడా, వారం నుంచీ ఊరందర్నీ ఏటేటో అడిగేవు. మా సోని గుంటనడగాల్సింది అడగవేటి?"

అతని చెవులు వేడెక్కాయి. "సోనీ, నేను మళ్లీ వస్తాను. రీసెర్చ్ కోసం కాదు, నీ కోసం. నువ్వంటే నాకు చాలా ఇష్టం. రానా?"

సోని తల వంచుకుంది. అతని వైపు ఎడం చెయ్యి చాపి ఉంచింది. అతను పరుగున వెళ్లి పట్టుకున్నాడు. మొదటి అడుగే ఆమె కాలి మీద వేశాడు.

"అయ్యో, సారీ!"

"పర్లేదు," అంది సోని, చెయ్యి మరింత బిగించి.