పలికినవాళ్లంతా మనవాళ్లే

జడక్క అసలు పేరు ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. కంప్యూటర్ల మధ్య తీగల్ని జడల్లా నున్నగా అల్లుతుంది కాబట్టి జడక్క. తన జడ మాత్రం వారానికోసారైనా దువ్వుకుంటుందో లేదో, ఆ గొడవ మనకెందుకు.

ఆమె పనిచేసే హాల్లో బీరువాలంత పెట్టెలు వరుసలు వరుసలుగా నిలబడి ఉంటాయి. ప్రతి పెట్టె నిండా కంప్యూటర్లే. రేపు గాలి ఎటు వీస్తుందో, వాన ఎక్కడ పడుతుందో అన్నీ కలిసి లెక్క కడతాయి. పెద్దసారు కంటికి అదంతా ఒక పెద్ద ఫ్రిజ్. వచ్చిన అతిథినల్లా లోపలికి తీసుకొచ్చి, "ఎంత చల్లగా ఉందో చూశారా" అని గర్వంగా నవ్వి తీసుకుపోతుంటాడు.

ఆ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారులన్నీ గీసింది జడక్కే. లెక్కలో అడుగడుగుకీ ఒక హాజరు ఉంటుంది. అన్నీ "వచ్చాను" అనేదాకా ఒక్కటీ ముందుకు కదలదు. ఇంటిల్లిపాదీ ప్రయాణానికి తయారై, చెప్పు దొరకని ఒక్కడి కోసం గుమ్మంలో నిలబడ్డట్టన్నమాట. రేపు కొత్త పెట్టెలొస్తే మళ్లీ పేర్లు చేర్చడం దండగని, ఆ హాజరులో ఆమె ఎవరి పేరూ పెట్టలేదు. పలికినవాళ్లంతా మనవాళ్లే అని వదిలేసింది. బద్ధకానికి తెలివి అని పేరు పెట్టుకోవడం చదువుకున్నవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య.

ఆ మధ్యాహ్నం పరీక్ష మొదలుపెట్టింది. మొదటి హాజరులోనే లెక్క తేడా వచ్చింది. ఉన్నవాటికంటే ఒకటి ఎక్కువ పలికింది.

తీగ ఎంత పొడుగైతే జవాబు అంత ఆలస్యం. ఆ లెక్కన చూస్తే ఈ ఎక్కువదాని తీగ హాలు దాటి, గోడ దాటి, రోడ్డు అవతలిదాకా పోవాలి. అంత తీగ ఆమె తెప్పించనేలేదు.

"మరిదీ! నేల కింద పాత తీగేదో మిగిలినట్టుంది. ఓసారి చూస్తావా?"

మరిది అంటే చెల్లెలి మొగుడు. అక్కడే తీగలు పరిచే పని. ఆ హాల్లో నేలంతా చదరపు పలకలు, కింద మోకాలెత్తు ఖాళీ. పలక ఎత్తి, దిగి, పాక్కుంటూ పోవాలి. అతన్ని అందరూ వాగుడుకాయ అంటారు. నేల కింద కూడా నోరు మూతపడదు. ఏ వరుస కింద ఉన్నాడో ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

"మీ చెల్లి నన్ను మనిషనుకుని చేసుకుంది వదినా. నువ్వేమో పందికొక్కులా వాడుకుంటున్నావు."

"నాకు పెద్ద తేడా కనబడలేదులే. తొందరగా రా. అసలే దానికి నెలలు నిండాయి, ఇంట్లో ఒక్కతే ఉంది. చీకటి పడేలోపు నిన్ను పంపిస్తానని మాటిచ్చాను."

ఆమె కుర్చీ పక్కనే పలక ఎత్తి, టార్చి పట్టుకుని దిగాడు. పలక తీసిన సందులోంచి చల్లగాలి వచ్చింది. దానితోపాటు తడిసి ఆరని గుడ్డ వాసన. ఆ నేల కింద చుక్క నీరు పడదు. మరి ఆ వాసనేమిటో.

తర్వాతి హాజరు పూర్తయింది. ఆ ఎక్కువది ఈసారి కాస్త ముందే పలికింది. దూరం, రోడ్డుకి ఇవతల.

తీగ సాగితే సాగుతుంది గానీ పొట్టిదవదు. పరీక్ష అప్పుడే ఆపేయాల్సింది. ఆపితే అప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ పోతాయి. ఇంకొక్క హాజరు చూద్దామనుకుంది.

గోడ దగ్గర.

ఇంకొక్కటి.

గోడకి లోపల.

కిటికీల్లేని హాలు. మనిషి కదిలితేనే లైట్లు వెలుగుతాయి. ఆమె తెర వైపు చూస్తూ కొయ్యబారి కూర్చునేసరికి టప్పున ఆరిపోయాయి. చెయ్యి ఊపింది. ఆమె నెత్తిమీద లైటు ఒక్కటే వెలిగింది.

"ఎక్కడున్నావు మరిదీ?"

"చివరి వరుస కింద. ఇక్కడ తీగా లేదు, గీగా లేదు."

ఆమె పలక సందు మీదికి వంగింది. కింది నుంచి...

"వదినా..."

గుసగుస. వాగుడుకాయ గొంతు అంత చిన్నది కావడం ఆమె ఎన్నడూ వినలేదు.

"చెప్పు."

"నువ్వు కూడా దిగావా?"

"లేదు."

"మరి... గోడ వైపు నుంచి పాక్కుంటూ వస్తున్నదెవరు?"

"వెనక్కొచ్చెయ్! ముందు వెనక్కొచ్చెయ్!"

ఆపే మీట నొక్కింది. ఆగలేదు. హాజరు మధ్యలో ఏదీ ఆగకూడదని పెట్టింది తనే. అన్నీ పలికాయి. ఒక్కటే పలకలేదు. దానికోసం హాలు హాలంతా ఎదురుచూస్తోంది. పని లేక ఫ్యాన్లు నెమ్మదించాయి. రొద తగ్గింది... ఇంకా తగ్గింది... పోయింది.

ఆ నిశ్శబ్దంలో నేల కింద రెండు రాపిడి చప్పుళ్లు. ఒకటి ఇటు. ఒకటి అటు.

రెండూ ఆగాయి.

మళ్లీ ఒక్కటే మొదలైంది.

ఆమె బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి కిందికి పెట్టింది. "మరిదీ... ఏదో ఒకటి వాగరా నాయనా..."

చప్పుడు మాత్రమే దగ్గరవుతోంది. వెనక తెర మెరిసింది. చివరిది పలికింది. దూరం ఏమీ లేదు.

చల్లటి చెయ్యొకటి ఆమె చేతిని పట్టుకుంది.

కళ్లు మూసుకుని లాగింది. మరిదే. అదే మొహం, అదే దుమ్ముకొట్టుకుపోయిన చొక్కా. గట్టిగా పట్టుకుని ఏడ్చింది. తర్వాతి హాజరులో లెక్క సరిగ్గా సరిపోయింది. ఎక్కువ లేదు, తక్కువ లేదు. అన్నీ కట్టేసింది. పలక మూస్తుంటే, చివరి వరుస కింద సన్నటి వెలుగు కనిపించింది. టార్చి ఏదని అడగబోయింది.

"అక్కడే ఉండిపోయింది" అన్నాడు.

ఇంటికి నడుస్తుంటే సందు మొదట్లో కొట్టాయన నవ్వాడు. "ఏమయ్యా వాగుడుకాయా, నోరు తాకట్టు పెట్టొచ్చావా?" మరిది నవ్వలేదు. దెబ్బలేమైనా తగిలాయేమో, డాక్టరు దగ్గరికి పోదామా అని ఆమె మనసులో అనుకుంటోంది, అంతే.

"వద్దు. ఇంటికే" అన్నాడు.

జడక్క నడక తడబడింది.

చెల్లెలు తలుపు తీస్తూనే అందుకుంది. "ఇప్పుడా రావడం? పొద్దుట్నుంచీ లోపల ఒకటే తన్నులు, ప్రాణం తోడేస్తున్నాడు. కావాలంటే చూడు." అతని చెయ్యి లాగి పొట్టమీద పెట్టుకుంది. "అబ్బ, ఏంటింత చల్లగా?" ఒక్క క్షణం ఆగి మురిసిపోయింది. "చూశావా అక్కా! నాన్న చెయ్యి తగలగానే కిక్కురుమనకుండా ఊరుకున్నాడు."

జడక్క గుమ్మం బయటే నిలబడిపోయింది. చెల్లిని ఇవతలికి లాగాలి. నువ్వెవరని అడగబోయింది.

అతను పొట్టమీంచి చెయ్యి తియ్యకుండానే ఇటు తిరిగాడు.

"అది మాత్రం అడగకు వదినా" అన్నాడు మెత్తగా.

రెండో చేత్తో తలుపు గడియ వేశాడు.