ఓడ మీద నల్లగీత

అపరాధ పరిశోధనలో అత్తయ్యది అందె వేసిన చెయ్యి. ఆమె సహాయకుడు సొంత మేనల్లుడే. ఆమె తెలివికి నోరు వెళ్ళబెట్టడంలో అతనిదీ అందె వేసిన చెయ్యే.

ఆ ఉదయం ఒకతను ముచ్చెమటలతో వాళ్ల ఆఫీసులో కూలబడ్డాడు. రేవుకు వచ్చే ఓడలకు ఇంధనం పోసే చిన్న పడవ అతనిది.

"నా కొంప మునిగిందమ్మా! రాత్రి సముద్రంలో చమురు ఒలికి ఒడ్డంతా నల్లబడింది, చేపలవాళ్ల వలలు పాడయ్యాయి. నా గొట్టమే కారిందని ఓడ కెప్టెన్ అంటున్నాడు. నా పడవకి తాళం వేశారు. ఆ నష్టం నా నెత్తిన పడితే నా బీమా ఏ మూలకీ చాలదు. పడవ వేలానికి పోతుంది."

"కారిందా మరి?"

"పిల్లల మీద ఒట్టు, చుక్క కూడా కారలేదు!"

అత్తయ్య వెంటనే చెప్పులేసుకుంది.

రేవులో ఓడ ఖాళీగా, ఎత్తుగా తేలుతోంది. దాని పక్కగోడ మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, నీటికి రెండు నిలువుల ఎత్తున, తాడు పట్టి గీసినట్టు ఒక నల్లగీత ఉంది. మేనల్లుడు రంగేమో అనుకున్నాడు. అత్తయ్య గట్టు మీద నుంచే చెయ్యి చాచి రుమాలుతో తుడిచింది. చమురు.

"ఇంధనం ఎప్పుడు ఎక్కించుకున్నారు బాబూ?" అని కెప్టెన్‌ని అడిగింది.

"సరుకంతా దించేశాకే. అప్పుడే ఆ పడవ వచ్చింది."

"అంతకుముందు రాలేదా?"

"రాలేదండీ."

అత్తయ్య మొహం వెలిగిపోయింది. కాసేపటికి అందరినీ రేవు అధికారి గదిలో కూర్చోబెట్టింది. ఓడకు బీమా ఇచ్చిన కంపెనీ ఆఫీసరు కూడా వచ్చాడు.

"చమురు నీటి మీద తేలుతుంది, కాబట్టి ఓడకి నీళ్లు ఎంతవరకు ఉంటే అంతవరకే అంటుకుంటుంది. ఆ గీత ఇప్పుడు అంత పైనెందుకుంది? చమురు ఒలికినప్పుడు ఓడ సరుకు బరువుతో అక్కడిదాకా మునిగి ఉంది కాబట్టి! సరుకు దించాక ఓడ లేచింది, గీత దానితోపాటు పైకొచ్చింది. ఈ పడవ వచ్చింది ఆ తరవాత. ఒలికింది మీ ఓడలోదే, కెప్టెన్ గారూ."

మేనల్లుడి నోరు యథాప్రకారం తెరుచుకుంది. కెప్టెన్ తల దించుకున్నాడు.

"ఒక ట్యాంకులోంచి ఇంకోదాంట్లోకి తోడుతుంటే పొంగిపోయింది. ఉద్యోగం పోతుందని దాచాను."

బీమా ఆఫీసరు నెత్తి కొట్టుకున్నాడు. "ఎంత పని చేశారండీ! పొరపాటున ఒలికితే తప్పెవరిదని కూడా చూడం, ఓడ తరఫున మేమే కడతాం. వలలకీ, ఒడ్డుకీ ఇప్పుడూ కడతాం. కానీ మీరు ఆడిన అబద్ధం మాత్రం మీ యజమానికి చెప్పక తప్పదు."

రేవు అధికారి స్వయంగా వెళ్లి పడవ తాళం తీశాడు. ఒడ్డు శుభ్రం చేసేవాళ్లను తీసుకెళ్లడానికి బీమా ఆఫీసరు అక్కడికక్కడే ఆ పడవనే కుదుర్చుకున్నాడు. పొద్దున అతన్ని తిట్టిపోసిన చేపలవాళ్లే బకెట్లు పట్టుకుని ముందు ఎక్కారు.

"ఏమీ అనుకోకు అన్నా, ఇక పోనీ!" అన్నాడొకడు.

ఇంజన్ మోగింది. పడవవాడు కళ్లు తుడుచుకుంటూ, పగలబడి నవ్వుతూ చుక్కాని పట్టుకున్నాడు.