మూడో నంబరు ఇల్లు

ఆఫీసులో అందరూ ఆమెని పిసినారి అనే పిలిచేవాళ్ళు. ముద్దుగానే లెండి. వాళ్ళు తయారు చేస్తున్న వీడియో గేములో యుద్ధం మధ్య చిక్కుకుపోయిన ఊరొకటి ఉంది. ఆ ఊళ్ళో ఏ ఇంటికి ఎన్ని రొట్టెలు, ఎన్ని నీళ్ళ సీసాలు, ఎన్ని మందులు దక్కాలో తేల్చేది ఆమే. ఆడేవాడు కాస్త కుదుటపడ్డాడని అనిపిస్తే చాలు, గేము దానంతటదే కష్టం పెంచి, ఉన్నదాంట్లోంచి కోత పెడుతుంది. ఆ ఏర్పాటూ ఆమె చేతి చలవే. మధ్యలో ఆపుకునే వీలు కూడా ఉంచలేదు. యుద్ధం ఎవరి కోసం ఆగుతుందని అందరితో గొప్పగా చెప్పింది.

ఆ రోజు సెలవు. మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. మర్నాడు గేము పైవాళ్ళకి చూపించాలి కాబట్టి ఒక్కతే ఆఫీసుకొచ్చి కూర్చుంది. ఇంటి దగ్గర ఆయనా, ఏడేళ్ళ పాపా ఉన్నారు. పాపకి ఉబ్బసం. ఇలాంటి ముసురు రోజున పీల్చే మందు చేతికందేంత దూరంలో ఉండాలి.

గేములోని మూడో నంబరు ఇంటి పట్టిక ఇంకా ఖాళీగానే ఉంది. పరీక్ష కోసం ఉత్తుత్తి అంకెలు నింపాల్సి వస్తే అక్కడ అందరిదీ ఒకటే అలవాటు, ఎవరిల్లు వాళ్ళు రాసేసుకోవడం. బుర్ర బద్దలు కొట్టుకునే పని ఉండదు. ఆమె కూడా పొద్దున వంటింట్లో చూసొచ్చినదే టకటకా కొట్టేసింది. రొట్టె ముక్కలు పన్నెండు. నీళ్ళ సీసాలు ఆరు. కొవ్వొత్తులు నాలుగు. పీల్చే మందు ఒకటి. మనుషులు ముగ్గురు.

గేము మొదలైంది. తెర మీద నేలమాళిగ, చెమ్మెక్కిన గోడలు, దూరంగా ఫిరంగుల మోత. ఆమెకి చెయ్యి తిరిగిన ఆట కదా, మొదటి రెండు రోజులూ హాయిగా గట్టెక్కింది. గేము కష్టం ఒక మెట్టు పెంచింది.

ఫోను మోగింది. ఆయన.

"రొట్టె ప్యాకెట్టు నువ్వేమన్నా పట్టుకెళ్ళావా?"

"నేనెందుకు పట్టుకెళ్తానండీ? పొయ్యి పక్కనే ఉందిగా."

"నాలుగు ముక్కలే ఉన్నాయి. పొద్దున ప్యాకెట్టు నిండా ఉందే!"

"మీ ముద్దుల కూతుర్ని అడగండి," అని నవ్వుతూ తెర వైపు చూసింది. రొట్టె ముక్కలు నాలుగు.

నవ్వు సగంలో ఆగిపోయింది. "సీసాలెన్ని ఉన్నాయో చూడండి," అంది.

"రెండు. ఏం, ఎందుకు?"

తెర మీదా రెండే.

కాకతాళీయమేనని తనకి తాను సర్దిచెప్పుకుంది. కానీ గదిలో తడిసిన సున్నం వాసన మొదలైంది. ఆరిపోయిన వత్తి వాసన కూడా. అద్దాల గదిలో, ఏసీ చల్లదనంలో, ఆ వాసనకి పనేముంది? ఎక్కడో కింద నుంచి సన్నగా దగ్గు వినిపించింది... ఆఫీసు ఉన్నది మొదటి అంతస్తులో. కింద ఉన్నవి కార్లు పెట్టుకునే చోట్లు మాత్రమే.

పట్టిక చెరిపేద్దామని మీట మీద వేలు పెట్టింది. చప్పున తీసేసింది. చెరిపేస్తే అన్నీ సున్నాలవుతాయి. మనుషులు కూడా.

పోనీ, పెంచితే? రొట్టెలు నలభై, మందులు పది అని కొట్టింది. రెండు క్షణాలు బాగానే ఉంది. తర్వాత గేము తన పని తాను చేసింది. ఈ ఇంట్లో మరీ ఎక్కువుందని తేల్చుకుంది. కష్టం ఒకేసారి మూడు మెట్లు ఎక్కింది. అంకెలన్నీ జారిపోయాయి. రొట్టెలు సున్నా. నీళ్ళు సున్నా. మందు... సున్నా.

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఆడేవాళ్ళని ఇలా ఏడిపించడమే తన పనితనం అనుకుంది.

"ఏవండీ, పాప మందు ఎక్కడుంది?" ఫోనులో అరిచినంత పనిచేసింది.

"అదే వెతుకుతున్నాను. ఆయాసం మొదలైంది దానికి. బల్ల మీదే పెట్టాను, ఒట్టు. పడగ్గదిలో చూసొస్తా, ఉండు." ఫోను పాప చేతికిచ్చి వెళ్ళాడు. అవతల పాప ఊపిరి పిల్లనగ్రోవిలా కూస్తోంది. అడుగుల చప్పుడు కాసేపు వినిపించి ఆగింది.

తెర మీద చివరి గడి మారింది. మనుషులు ఇద్దరు.

"అమ్మలూ, నాన్నేడీ?"

"గదిలోకెళ్ళాడమ్మా... నేనూ వెళ్ళి చూశాను... ఎవరూ లేరు..."

ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు.

మందు లేదు, తిండి లేదు. ఇక కోయడానికి ఏం మిగిలిందో తెర మీదే ఉంది. ఇద్దరు. అప్పుడు గుర్తొచ్చింది, అన్నిటికన్నా కింది మెట్టు. 'సులువు'. ఎవరు ఆడతార్లే అని ఆ భాగం సగం రాసి వదిలేసింది. ఒక్కసారి కూడా పరీక్షించలేదు. అయినా నొక్కింది. నొక్కుతూ, మా వాళ్ళని నాకిచ్చెయ్, ఇంకేమీ వద్దు అని పైకే అంది.

గేము వెనకడుగు వేసింది. కోసినవన్నీ తిరిగి నింపడం మొదలుపెట్టింది. రొట్టెలు పన్నెండు. నీళ్ళు ఆరు. మందు ఒకటి.

"దొరికిందమ్మా! బల్ల మీదే ఉంది!" పాప మందు పీల్చిన చప్పుడు వినిపించింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. కూత నెమ్మదించింది. ఆమె బల్ల మీద తల వాల్చేసి వెక్కి వెక్కి ఏడ్చింది.

తలెత్తేసరికి చివరి గడి కూడా మారింది. మనుషులు ముగ్గురు.

"నాన్నొచ్చేశాడు కదూ? ఫోనివ్వు నాన్నకి!"

ఫోనులో అడుగుల చప్పుడు మళ్ళీ వినిపించింది.

"అమ్మలూ?"

"వచ్చాడు..." పాప గొంతు బాగా తగ్గించింది. "గదిలోంచే వచ్చాడు. నాన్న చొక్కానే వేసుకున్నాడు."

అప్పుడు ఆమెకి తట్టింది. పట్టికలో తను రాసింది ముగ్గురని మాత్రమే. ఆ ముగ్గురూ ఎవరో ఎక్కడా రాయలేదు. గేముకి లెక్క సరిపోతే చాలు.

"తల్లీ, బయటికి పరుగెత్తు. పక్కింటికి వెళ్ళిపో. ఇప్పుడే."

"గుమ్మంలో నించున్నాడమ్మా... నవ్వుతున్నాడు." తర్వాత పాప ఫోనుకి బాగా దగ్గరగా వచ్చింది.

"నా పేరేంటని అడుగుతున్నాడు... చెప్పనా?"