నాయన పోయించిన పెట్రోలు

కాంతమ్మ వాకిలి ఊడ్చి చీపురు గోడకి ఆనించేసరికి రవికుమార్ అప్పుడే రాజ్‌దూత్ బండి ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. అలవాటు ప్రకారం ముందు ట్యాంకు మూత తీసి పక్కన పెట్టాడు. కార్బరేటర్ విప్పి, పెట్రోలు చిమ్మే జెట్టు పెదాల మధ్య పెట్టుకుని ఊదాడు. గాలి సాఫీగానే పోయింది. పైపు ఊడదీస్తే పెట్రోలు ధారగా కారింది. అన్నీ బాగానే ఉన్నాయి. బండే బాగాలేదు.

బండి వాళ్ల నాయన ఐజాక్‌ది. తాపీ మేస్త్రి. ఎండాకాలంలో ఒకరోజు పనికి పోబోతూ ఈ వాకిట్లోనే కూలబడి ప్రాణం వదిలాడు. అప్పటినుంచీ బండి పందిట్లో పట్టా కిందే ఉంది. నరసరావుపేటలో నాగూర్ వలికి పాతబండ్లంటే ప్రాణం. "నువ్వు నడుపుకుంటా వచ్చి ఇస్తే తీసుకుంటా రవీ, ఆటో ఎక్కించి తెస్తే మాత్రం నాకొద్దు" అన్నాడు. ఇవాళ తెస్తానని మాటిచ్చాడు రవి.

తేవాలంటే బండి కాలవ దాటాలి. కిక్కు కొడితే స్టార్టవుతుంది. ఊరు దాటి, పత్తిచేల పక్కగా సాగర్ కాలవ వంతెన దాకా బుద్ధిగా పోతుంది. అక్కడ నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. కాసేపుంటే మళ్లీ కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. వారం నుంచీ ఇదే వరస. పైపు మార్చాడు, ట్యాంకు కింద పెట్రోలు తిప్పే కాకు విప్పి జాలీ కడిగాడు. ఇంటి దగ్గర చూస్తే పెట్రోలు దిగుతుంది, వంతెన దగ్గర దిగదు.

"ఉన్న పెట్రోలు పారబోయబాకురా" అంది కాంతమ్మ, టీ గ్లాసు పక్కన పెడుతూ. వారం నుంచీ రోజూ అదే మాట.

"పారబోయట్లేదులేమ్మా. కాలవ అవతల బంకులో కొత్తది పోయిస్తా."

పింకీ తువ్వాలుతో తల తుడుచుకుంటూ బయటికొచ్చింది. నర్సింగు చదువుతోంది, సెలవలకి వచ్చింది. "మొన్న సమాధుల పండక్కి నాయన సమాధికేసిన సున్నం ఇంకా తడారలేదు, అప్పుడే బండికి బేరమా అన్నాయ్?"

"తిరగని బండి తుప్పు పట్టుద్ది."

"తుప్పు పట్టింది బండికి కాదులే. నాయన్ని పెట్టెలో పెడుతుంటే ఊరంతా బావురుమంది. నువ్వేమో షామియానా వాడితో కుర్చీలు ఎన్నొచ్చాయని మాట్లాడతా ఉన్నావు. అమ్మ నీ మొహంలోకే చూస్తా కూర్చుంది."

రవికి కోపం రాలేదు. రావాలి కదా అనుకున్నాడు. స్పానరు తుడిచి సంచిలో పెట్టాడు.

"ఊరుకోవే. వాడి బాధ వాడిది" అంది కాంతమ్మ.

"బాధుంటేగా!"

ఆ మాటా పక్కింట్లో ఎవరినో అంటున్నట్టే వినపడింది రవికి. నాయన పోయిన దగ్గర్నుంచీ అన్నీ అట్లాగే వినపడుతున్నాయి. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ చేస్తున్నాడు, తింటున్నాడు, పడుకుంటున్నాడు. పొద్దున్నే తలుపు తీయగానే ఎదురుగా ఆ బండి. దాన్ని చూసినా ఏమీ అనిపించటం లేదు. అమ్మేద్దామనుకుంది అందుకే. కానీ ఈ సంగతి ఎవరికి చెప్తాడు?

మూత బిగించి కిక్కు కొట్టాడు. కాంతమ్మ గుమ్మంలోంచి అంది: "ఆయనకిష్టం లేదురా. కాలవ దాటనియ్యడు."

దాటనియ్యలేదు. వంతెన ఎక్కగానే బండి దగ్గి ఆగింది. పత్తి ట్రాక్టరు ఒకటి హారన్ కొట్టి పక్కనుంచి పోయింది. లోపల అసలు పెట్రోలుందా అని మూత తిప్పాడు రవి.

ట్యాంకు ఉస్సుమని గాలి లోపలికి లాక్కుంది.

చేయి అట్లాగే ఉండిపోయింది. కింద పైపులో పెట్రోలు గబగబా దిగుతోంది. మూత వెనక్కి తిప్పి చూశాడు. గాలి పోయే బెజ్జం నిండా తెల్లగా మైనం. పైనుంచి గాలి పోకపోతే పెట్రోలు కిందికెట్లా దిగుద్ది? ఇంటి దగ్గర మూత తీసి చూసుకున్నన్నాళ్లూ దిగింది. రోడ్డెక్కితే మూసుకుపోయింది.

పుల్లతో మైనం గీకి, బండి వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చాడు.

"అమ్మా, మూతలో మైనం ఎవరు పెట్టారు?"

కాంతమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "నేనే."

"ఎందుకు?"

"పోయే ముందు రోజు బంకుకి పోయి పోయించుకొచ్చాడు మీ నాయన. రోజూ చీపురుపుల్ల ముంచి చూసేదాన్ని. ఎవురూ ముట్టకపోయినా తగ్గిపోతా ఉంది. గాలికి పోతందేమోనని, సమాధుల పండగనాడు ఆయన సమాధి దగ్గర వెలిగించిన కొవ్వొత్తి ముక్క కరగబెట్టి పెట్టా. ఆయన చేత్తో తెచ్చిందాంట్లో ఈ ఇంట్లో మిగిలింది అదొక్కటేరా. ఎంతుందిప్పుడు?"

రవి చీపురుపుల్ల విరిచి ట్యాంకులో ముంచి తీశాడు. కొస మాత్రమే తడిసింది.

"తిప్పి తిప్పి నేనే తగలేశానమ్మా" అన్నాడు.

కాంతమ్మ పుల్ల తీసుకుని వాసన చూసింది. "సాయంత్రం ఆయనొస్తే ఇట్టాగే వాసనొచ్చేది" అంది. పుల్ల కొప్పులో దోపుకుంది. "మిగిలింది దాచి ఏం చేసుకుంటాంలే. దాంతోనే నన్ను కాలవ అవతల ఆయన సమాధి దగ్గరికి తీసుకుపో."

చేట పక్కన పెట్టి చీర సర్దుకుంది.

"నాగూర్ వలన్న ఫోన్ చేస్తే ఏం చెప్పమంటావ్?" పింకీ గొంతు తగ్గింది.

"బండి బాగయిందని చెప్పు. బేరం మాత్రం లేదను" అన్నాడు రవి.

కాంతమ్మ పక్కకి తిరిగి వెనక కూర్చుని కొడుకు భుజం మీద చేయి వేసింది. ఊరు దాటారు. పత్తిచేలు దాటారు. వంతెన వచ్చింది. రవి చెవులు రిక్కించాడు. ఇంజను దగ్గలేదు. కాలవ నీళ్లు కిందుగా వెనక్కి పోయాయి.

అవతల రోడ్డంతా గుంటలు. కాంతమ్మ చేయి చొక్కాని గట్టిగా పట్టుకుంది. "మెల్లగా పోనియ్యయ్యా, ఎవరు తరుముతున్నారు నిన్ను" అంది.

అది కొడుకుతో అనే మాట కాదు. ఇన్నేళ్లూ ఈ బండి మీద, ఈ గుంటల దగ్గర, ఇంకొకరితో అన్న మాట. అన్నానని ఆమెకి తెలియనైనా తెలియలేదు.

రవికి రోడ్డు మసకబారింది. కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ మసకబారింది. ఇక కనపడక బ్రేకు నొక్కి, హ్యాండిల్ మీదికి వంగిపోయాడు. లోపల్నుంచి ఏదో ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"మళ్లీ ఆగిందేందిరా?"

"లేదమ్మా" అన్నాడు వెక్కుతూ. "నేనే ఆపా."

కాంతమ్మ దిగి వచ్చి, కొడుకు తల పొట్టకి అదుముకుంది. కింద ఇంజను డుబుడుబుమంటూ ఆగకుండా తిరుగుతూనే ఉంది.