కుడి దీపం నెల

ఆ ఏడు అనకాపల్లిలో పెళ్ళైన ఆడవాళ్ళ నడుముకి కొత్త పట్టీ వచ్చింది. మెత్తటి రబ్బరు పట్టీ, దానికి రెండు చిన్న దీపాలు. ఈ నెల అండం ఎడమ అండాశయం నుంచి విడుదలైతే ఎడమ దీపం, కుడి నుంచైతే కుడి దీపం వెలుగుతుంది. కొళాయి దగ్గర బిందె దించగానే "ఏ వైపే?" అని ఒకరినొకరు అడగడం మామూలైపోయింది.

హైమకి ఎడమ దీపమే ముఖ్యం. మొదటిసారి గర్భం, అండాన్ని గర్భసంచికి చేర్చే కుడి ట్యూబులోనే నిలిచి అది పగిలితే, ఆపరేషన్ చేసి ట్యూబు తీసేశారు. అందుకని కుడి దీపం వెలిగిందంటే అత్త కనకరత్నం ఆ నెల దండగ అని, బెల్లం మార్కెట్లో పనిచేసే కొడుకు సాంబమూర్తిని అక్కడే పడుకోమనేది. ఎడమ దీపం వెలిగితే గది తలుపు బయట చాప వేసుకుని కూర్చునేది. లోపల వాళ్ళు చెరోవైపు తిరిగి పడుకునేవాళ్ళు.

ఒక కుడి దీపం నెలలో అత్త గుడికి వెళ్ళిన మధ్యాహ్నం సాంబమూర్తి ఇంటికొచ్చాడు. చాలా కాలానికి ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తరవాత హైమకి నెల తప్పింది.

అత్త సంబరపడలేదు. పాలవాడు ఎందుకంతసేపు నిలబడేవాడని అడిగింది. హైమ సిగ్గు చంపుకుని మధ్యాహ్నం సంగతి చెప్పింది. సాంబమూర్తి కాదనలేదు, అవుననీ గట్టిగా అనలేదు. కుడివైపు ట్యూబే లేదు కదా అన్నది అతని బుర్రలో తిరుగుతోంది.

ముగ్గురూ పట్టీ తయారుచేసిన డాక్టర్ నీరజాక్షి దగ్గరికి వెళ్ళారు.

"ట్యూబు అండాశయానికి అతికి ఉండదండీ," అంది డాక్టరు. "దాని చివర వేళ్ళలాంటి అంచులుంటాయి. కుడివైపు అండాన్ని ఎడమ ట్యూబు కూడా అందుకోవచ్చు. అది ఎక్కణ్ణుంచి బయల్దేరిందో దీపం చెబుతుంది, ఎటు పోయిందో చెప్పదు."

"మిషను అబద్ధమాడదు. మనుషులే," అంది కనకరత్నం గోడకేసి చూస్తూ.

సాంబమూర్తి కూడా గోడనే చూస్తున్నాడు. హైమ పట్టీ విప్పింది.

"ఏమండీ, ఒకసారి చేతులెత్తండి."

అతని నడుముకి బిగించి కాసేపు ఆగింది. ఏ దీపమూ వెలగలేదు.

"మిషను మాటే నమ్మాలంటే ఈ బిడ్డలో మీదేమీ లేదు. నేను మాత్రం మీ బిడ్డేనంటాను. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. మీరు ఉన్నారా, లేరా?"

"ఉన్నాను," అన్నాడతను, తల్లికి వినపడేలా.

ఇద్దరూ బయటికి నడిచారు. కనకరత్నం మాత్రం చెప్పులు వేసుకోకుండా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"డాక్టరమ్మా," అంది గొంతు తగ్గించి, "మా చిన్నకోడలు కూడా ఉంది. మొగుడు ఇంటికొచ్చినప్పుడు మాత్రమే వెలిగేలా ఇంకో దీపం పెట్టగలరా?"

డాక్టరు వెంటనే కాదనలేదు. కాగితం తీసి, అలాంటిది ఎంతమందికి కావాలని అడిగింది.